పాటల పండగలో ఉగ్గాని బజ్జీల బండి: కడపలో రెండు రాత్రులు

2025 మార్చి 14న నిర్వాహకుల నుంచి ఫోను. ఏప్రిల్ 12, 13, అంటే శని ఆదివారాలు, కడప ఊరవతల ఓ కాలేజీ మైదానంలో రెండు రాత్రుల పాటల పండగ. ఫుడ్ ట్రక్కుకు స్థలం రెండు రాత్రులకూ కలిపి 15,000, కరెంటుకు 1,500, తిరిగిచ్చే డిపాజిట్ 5,000. స్థలానికి ఆ 15,000 వద్దనుకుంటే అమ్మకంలో 20 శాతం. లెక్క వేస్తే 75,000 అమ్మినప్పుడు రెండూ సమానం. అంత అమ్ముడుపోతుందన్న నమ్మకం లేనివాళ్లకు కాగితం మీద శాతమే మేలు. కానీ శాతం అడిగేవాళ్లు అమ్మకమంతా తమ కూపన్లతోనే జరగాలంటారు. ఆ కూపన్ల డబ్బు మన చేతికి వచ్చేసరికి వారాలు గడుస్తాయి, ఈలోపు ఐసు వాడు, నూనె కొట్టువాడు ఆగరు. అందుకే గంపగుత్తగా కట్టడమే ఖాయమైంది.

డబ్బు కట్టే ముందే మైదానానికి పోయి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పెద్ద స్పీకర్లు ఎటు తిరిగి ఉంటాయి, కరెంటు పెట్టె ఎంత దూరం, నీళ్ల కొళాయి ఎక్కడ, జనం బయటికి పోయే దారి ఏది, బండి కిటికీ ఎటు చూస్తుంది. ఈ చివరిది ఎవరూ అడగరు. ఏప్రిల్ నడిమధ్య కడపలో పొద్దు గుంకేది ఆరున్నరకు కాస్త ముందు. కిటికీ పడమరకు ఉంటే గేటు తెరిచిన మొదటి అరగంట ఎండ నేరుగా లోపలున్నవాళ్ల ముఖాల మీదే. బయట 40 డిగ్రీలున్న రోజు రెండు పొయ్యిలు వెలిగాక బండి లోపల థర్మామీటరు 48 చూపించింది. కిటికీ తూర్పుకో ఉత్తరానికో తిప్పించుకుంటే ఆ అరగంట నిలబడగలుగుతాం. స్థలం ప్లాను గీసే కుర్రాడికి ముందే చెబితే పది నిమిషాల పని. బండ్లన్నీ వరసలో నిలిచాక ఎవరూ కదపనివ్వరు.

కాగితాలు. 2025లో ఏడాది అమ్మకం 12 లక్షల లోపు బండికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ సరిపోయేది, ఏడాదికి 100 రూపాయలు. మార్చి 17న ఆన్‌లైన్‌లో పెడితే 24న వచ్చింది. దాని నకలు బండి మీద కనబడేలా అంటించాలి. వంట చేసేవాళ్లకు, వడ్డించేవాళ్లకు డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి, టైఫాయిడ్ టీకాతో సహా. పనివాళ్లను చివరి వారంలో మాట్లాడుకుంటే ఇక్కడే చిక్కుకుంటాం. తనిఖీకి వచ్చినాయన మొదట అడిగింది అదే, రెండోది మంటలార్పే సిలిండర్ మీద తేదీ. బజ్జీలు న్యూస్ పేపర్లో పెట్టివ్వడం నిషేధం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై నుంచి నిషేధం. కడప వైవీ స్ట్రీట్ అంగళ్లలో పేపర్ ప్లేట్లు, చెక్క చెంచాలు, చేతి తుడుపు కాగితాలు కలిపి 3,200 అయ్యాయి. ప్లేటు కొనేముందు ఒకదాంట్లో వేడి నూనె బజ్జీ పెట్టి ఐదు నిమిషాలు చూడండి, పలచటిదైతే అడుగు మెత్తబడి ఒంగిపోతుంది.

ఇక అసలు సంగతి, ఏం అమ్మాలి. పాటల పండగలో అమ్మకం రాత్రంతా సమంగా సాగదు. గేటు తెరిచాక ఆరు నుంచి ఏడింపావు దాకా ఒక ఊపు. తర్వాత పాట మొదలైతే బండి ముందు ఈగలు. ఎనిమిదింపావుకు బ్యాండు మారేటప్పుడు ఇరవై, ఇరవై ఐదు నిమిషాల విరామం, జనం ఒక్కసారిగా మీద పడతారు. రాత్రి పది తర్వాత మైకులకు ప్రత్యేక అనుమతి కావాలి గనక ఈ కచేరీ సరిగ్గా పదికి ఆపేశారు. అప్పటి నుంచి పదీముక్కాలు దాకా ఆఖరి ఊపు. ఇంటికి పోయి వండుకునే ఓపిక లేనివాళ్లే ఇందులో ఎక్కువ. రాత్రి మొత్తం లాభనష్టాలు ఈ మూడు ఊపుల్లోనే తేలతాయి. నిమిషానికి ఎన్ని ప్లేట్లు కిటికీ దాటుతాయన్నదే లెక్క, రుచి తర్వాత సంగతి.

ఆ లెక్కలో కడప కారం దోశ ఓడిపోతుంది. మూడడుగుల పెనం మీద ఒకేసారి నాలుగు పడతాయి. ఎర్రకారం పూసి, పప్పుల (పుట్నాల) పొడి చల్లి, వెన్న వేసి, ఉర్లగడ్డ కూర పెట్టి తీసేసరికి మూడు నిమిషాలు. చేయి తిరిగినవాడైనా గంటకు ఎనభై దాటవు. ఇరవై ఐదు నిమిషాల విరామంలో ముప్పై మూడు దోశలు, ముందు నిలబడింది రెండు వందల మంది. అలాగని కడపలో కారం దోశ లేకుండా బండి పెడితే జనం ఊరుకోరు. అందుకే దాన్ని 100 రూపాయలు చేసి, పాట నడుస్తున్నంతసేపే ఇచ్చి, విరామంలో ఆ బోర్డు తిప్పేయడమే దారి. "దోశ లేదా అన్నా?" అని అడిగితే "పాట మొదలైనాక రా తమ్ముడూ, వేడిగా పోసిస్తా" అనాలి. సగం మంది నిజంగానే వస్తారు.

ఊపు మోసేది ఉగ్గాని బజ్జి, అంటే తాలింపులో కలిపిన బొరుగులు (మరమరాలు), పక్కన మిరపకాయ బజ్జీలు. బొరుగులు తేలిక, ఎండకు చెడవు, సంచి లెక్కన వస్తాయి. కిలో బొరుగులకు దాదాపు ఇరవై ప్లేట్లు. తాలింపు ముందే చేసి పెట్టుకోవచ్చు. సాయంత్రం నాలుగుకే పెద్ద సట్టిలో ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), టమాట, పసుపు వేసి దగ్గరికి మగ్గించి పక్కన పెట్టాలి. బొరుగుల్లో అప్పటికే ఉప్పుంటుంది గనక తాలింపులో ఇంట్లో వేసేదాంట్లో సగమే వేయాలి. బొరుగులు మాత్రం ముందు తడపకూడదు. రెండు కిలోలు నీళ్ల గంగాళంలో వేసి, చేత్తో ఒత్తి ముంచి, మెత్తబడగానే గుప్పెడు గుప్పెడుగా రెండు చేతుల మధ్య పిండి తీయాలి. పిండిన ముద్దను వదిలితే గింజలు విడివిడిగా రాలాలి. అతుక్కుంటే నానింది ఎక్కువ, కరకరమంటే తక్కువ. తాలింపులో కలిపి, మంట ఆపాక పప్పుల పొడి చల్లాలి. పొయ్యి మీదుండగా చల్లితే పొడి తడి పీల్చి ఉండలు కడుతుంది. కలిపిన ఉగ్గాని ఆ వేడిగాలికి అరగంటలో ఎండిపోయి గొంతులో అడ్డం పడుతుంది, అందుకే రెండు కిలోలకు మించి ఒకసారి కలపకూడదు. పిండడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టుకోవాలి. ఆ మనిషికి రాత్రి పదికి మణికట్లు పట్టేస్తాయి, గంటకోసారి మార్చండి.

బజ్జీలది వేరే గొడవ. ప్లేటుకు రెండు, విడిగా అయితే నాలుగు. రాత్రికి వెయ్యి బజ్జీలు లేచాయి. దానికి బజ్జి మిరపకాయలు 25 కిలోలు, శనగపిండి 20 కిలోలు, పిండిలో కరకరకు కొంచెం బియ్యప్పిండి. నూనె రెండు బాణళ్లకు పన్నెండు లీటర్లు, బజ్జీలు తాగేదాన్ని భర్తీ చేయడానికి మరో ఎనిమిది. ఆరు లీటర్ల బాణలిలో పదిహేను వేస్తే నూనె తట్టుకుంటుంది. జనం అరుస్తున్నారని ఇరవై ఐదు వేశారా, నూనె వేడి 180 నుంచి 150కి జారి, బజ్జీ వేగకుండా నూనె తాగి పడుకుంటుంది. మళ్లీ వేడెక్కడానికి పట్టే నాలుగు నిమిషాలు ఊపులో ఎక్కడా దొరకవు. దీనికి మందు సగం వేపు. నాలుగున్నర నుంచి నాలుగు వందల బజ్జీలు రంగు రాకముందే తీసి, వెడల్పాటి జల్లెడల్లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరబెట్టాలి. కిటికీలో అడిగాక నలభై సెకన్ల రెండో వేపు. మొదటి వేపుకంటే ఇదే కరకరలాడుతుంది. మూత పెట్టిన డబ్బాలో పోస్తే ఆవిరికి తోలు ఊడి మిరపకాయ ఒకవైపు, పిండి ఒకవైపు అవుతాయి.

సోడా విషయంలో ఒక మాట. ఇంట్లో కిలో పిండికి వేసేంత సోడా ఇక్కడ వేస్తే, కలిపిన పిండి ఆ ఎండలో గంటకే పొంగి పలచబడి మిరపకాయ మీద నిలవదు. పిండి కొద్దికొద్దిగా కలుపుతూ, సోడా చివర్లో చిటికెడు వేసుకోవాలి.

దోశ పిండి కూడా ఎండ మాట వింటుంది. శనివారం పొద్దున ఆరుకు రుబ్బిన పిండి మామూలుగా అయితే సాయంత్రానికి పులిసి ముఖం తిప్పుకునేలా ఉంటుంది. రుబ్బేటప్పుడే ఐసు నీళ్లు, డబ్బా సగమే నింపి థర్మాకోల్ పెట్టెలో గడ్డకట్టించిన నీళ్ల సీసాల మధ్య పెట్టడం, ఉప్పు మైదానానికి చేరాకే. అలా చేస్తే రాత్రి పదిదాకా నిలిచింది. కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు, ఆ వేడికి అదే ముందు వాసన పడుతుంది. శెనక్కాయల ఊరిబిండి (పచ్చడి) గట్టిగా నూరి, కావాల్సినంతే నీళ్లు కలుపుకుంటూ పోవచ్చు.

నన్నారి షర్బత్‌లో వచ్చిన మిగులు దేంట్లోనూ లేదు. గ్లాసుకు 40 మిల్లీలీటర్ల నన్నారి (సుగంధి వేళ్ల పాకం), అర నిమ్మకాయ, నానిన సబ్జా, చల్లటి నీళ్లు. రెండు గ్లాసులు 50. ఐసు మాత్రం ప్యాకింగులో వచ్చే తినే ఐసే వాడాలి. గడ్డలుగా అమ్మే ఐసు పెట్టె చుట్టూ చల్లదనానికే, గ్లాసులోకి కాదు. తినకూడని ఐసుకు నీలం రంగు కలపాలని రూలున్నా, దొరికే గడ్డలన్నీ తెల్లగానే ఉంటాయి, రంగును నమ్ముకోవద్దు. నీళ్ల సీసాలు అమ్మే హక్కు నిర్వాహకులు వేరొకరికి ఇచ్చారు, ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి. అయినా అందరూ మొదట అడిగేది మంచినీళ్లే. ఇరవై లీటర్ల క్యాను ఒకటి కిటికీ పక్కన ఊరికే పెడితే వరస అక్కడే మొదలవుతుంది.

బండి బరువు కూడా లెక్కలో ఉండాలి. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోసేది ఏడు వందల కిలోల చిల్లర. అందులో వంటగది బాడీయే సగం తింటుంది. రెండు వందల లీటర్ల నీళ్లంటే రెండు వందల కిలోలు. గ్యాసుతో నిండిన రెండు పెద్ద సిలిండర్లు డెబ్బై దాకా. జనరేటరు, నూనె డబ్బాలు, ముగ్గురు మనుషులు ఎక్కితే వెనక స్ప్రింగు పట్టీలు అణిగిపోతాయి. నీళ్లు మైదానంలోనే నింపుకోవాలి, పనివాళ్లు వేరే బండిలో రావాలి.

నిలిపాక చేయాల్సిన మొదటి పని చదును. మైదానం కంటికి బల్లపరుపుగానే ఉంటుంది. పెనం మీద పళ్లెం పెట్టి అందులో నీళ్లు పోసి చూస్తే తెలుస్తుంది, ఒక అంచున వేలు లోతు, ఇంకో అంచున తడి మాత్రమే. అలాగే వదిలేస్తే దోశ పిండి ఒకవైపు జారి ఒక అంచు మందం, ఒక అంచు మాడు. బాణలిలో నూనె ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, బజ్జీలన్నీ లోతు వైపు చేరి, వేసేవాడి చేతి వైపే నూనె పొంగుతుంది. జాకీతో లేపి చక్రాల కింద చెక్కలు పెట్టి, పళ్లెంలో నీళ్లు నాలుగు వైపులా సమానమయ్యేదాకా సర్దాలి. ముప్పావుగంట పట్టింది. సామాను దించకముందే చేయండి, దించాక బరువు మారి మళ్లీ ఒరుగుతుంది అనుకుంటారు గానీ ఆ తేడా కొద్దిదే.

గ్యాసు పెద్ద నీలం సిలిండర్లే వాడాలి. ఇంటి ఎర్ర సిలిండర్ బండిలో కనబడితే పట్టుకుపోతారు, పైగా కేసు. ఈ గ్యాసు గాలికంటే బరువు, లీకయితే పైకి పోదు, బండి అడుగున నిలుస్తుంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అనుకుంటే చాలదు, నేల మట్టంలో కన్నాలుండాలి. జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటానికి రెండు నిమిషాలు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, బాణలికి సరిపోయే మూత చేతికందేలా తగిలించి ఉంచాలి. రెండు రాత్రులకు ఒకటిన్నర సిలిండర్ అయింది, దాదాపు 3,000.

కరెంటు పెట్టె తొంభై మీటర్ల దూరంలో ఇచ్చారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వంద మీటర్లు లాగి దాని మీద 15 ఆంపియర్లు తీస్తే ఇరవై వోల్టులకు పైగా కేబుల్లోనే పోతుంది. మిక్సీ, ఫ్రిజ్ ఒకేసారి లేచేటప్పుడు జరిగేది ఇదే, లైట్లు మసకబారి ఫ్రిజ్ మూలుగుతుంది. చుట్టకు చుట్టుకుని ఉన్న కేబుల్ అయితే వేడెక్కి తోలు కరుగుతుంది, పూర్తిగా విప్పేయాలి. శనివారం సాయంత్రం ఐదుకే నిర్వాహకుల లైను రెండుసార్లు పడిపోయింది. 1,500 కట్టిన కరెంటును లైట్లకు వదిలేసి, ఫ్రిజ్, మిక్సీ అద్దె జనరేటరు మీదికి మార్చాం. అద్దె రాత్రికి 1,500, పెట్రోలు రెండు రాత్రులకు 2,500. ఇది ముందే ఖర్చులో రాసుకోండి.

డబ్బుల వసూలు దగ్గర ఊహించనిది ఆ శనివారమే జరిగింది. ఏప్రిల్ 12 మధ్యాహ్నం దేశమంతటా యూపీఐ మొండికేసింది. కూరగాయల మార్కెట్లో మిరపకాయల సంచులు తూకమై ఉన్నాయి, ఫోన్లో చక్రం తిరుగుతూనే ఉంది. ఏటీఎం ముందు ఎండలో వరస. అది రెండో శనివారం, బ్యాంకులు లేవు. మర్నాడు ఆదివారం, ఆ మర్నాడు 14 అంబేద్కర్ జయంతి. అంటే మూడు రోజులకు కావాల్సిన నోట్లు, చిల్లర శుక్రవారం సాయంత్రానికే చేతిలో ఉండాలి. 11న ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం కూడా. గంగాళాలు, బల్లలు, పనివాళ్లు అటు పోతారని ముందువారమే మాట్లాడి పెట్టడం పనికొచ్చింది, ఐసుకు మాత్రం మామూలు కంటే ఎక్కువే పెట్టాల్సొచ్చింది. ఐసు, నీళ్లు కలిపి 2,800.

యూపీఐ సాయంత్రానికి బాగైనా మైదానంలో సిగ్నలు లేదు. కొన్ని వేల ఫోన్లు ఒకే టవరు మీద పడి వీడియోలు ఎక్కిస్తుంటే, డబ్బు పడిందని చెప్పే స్పీకరు పెట్టె కూడా మూగబోతుంది, దాంట్లో ఉన్నదీ సిమ్మే. "పోయింది చూడండన్నా" అని ఫోను చూపిస్తే పెండింగో, పాత స్క్రీన్‌షాటో ఆ లైట్ల వెలుగులో తేలదు. మందు ఒకటే, ధరలన్నీ 50, 100లోనే పెట్టడం, కిటికీకి పది అడుగుల ముందే ఒక మనిషి బల్ల వేసుకుని డబ్బు తీసుకుని రంగు చీటీ ఇవ్వడం. పసుపు చీటీ ఉగ్గాని, ఎరుపు బజ్జి, తెలుపు దోశ, పచ్చ నన్నారి. డబ్బు చూసేవాడు బాణలి దగ్గరికి రాడు, కిటికీలో ఉన్నవాడు డబ్బు ముట్టడు. రంగుకు ఇంకో లాభం ఉంది. స్పీకర్ల బేస్ హోరు మొదలైతే మూడడుగుల దూరంలో అరిచిన మాట వినబడదు. చీటీ చూపితే చాలు, వేళ్లతో ఎన్నో చెబితే చాలు. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్గులు పనివాళ్లందరికీ కొనండి, అయ్యేది ఇరవై ముప్పై రూపాయలు. రెండో రోజు పొద్దున కూడా చెవుల్లో హోరు పోలేదన్నవాళ్లు పెట్టుకోనివాళ్లే.

లోపల నిలబడేవాళ్లకు ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ అడగకుండానే గంటకోసారి ఇవ్వాలి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే తల తిరుగుతుంటుంది. అలా తిరిగిన మనిషిని వేడి నూనె పక్కన ఉంచకూడదు.

శనివారం 32,000, ఆదివారం మర్నాడు సెలవు గనక 36,000 అమ్ముడుపోయాయి. సరుకులకు 19,500, ముగ్గురు పనివాళ్లకు రాత్రికి 900 చొప్పున 5,400, బండి డీజిలు, ఎత్తుడు దించుడుకు 1,500. స్థలం, కరెంటు, జనరేటరు, గ్యాసు, ఐసు, ప్లేట్లు పైన చెప్పినవే. అన్నీ తీసేస్తే 10,600. ఇందులో బండి నడిపినవాళ్ల కూలి లేదు. స్థలం అద్దె ఒక్కటే అమ్మకంలో ఐదో వంతుకు పైగా తినేసింది. ఇంకోసారి ఎవరైనా 15,000 అంటే పదివేల దగ్గర బేరం మొదలుపెట్టాలి, రెండు రాత్రుల పండగకు అంతకు మించి గిట్టదు.

వాడిన నూనె మిగిలింది. రెండో రాత్రికి శనివారం నూనె వాడలేదు. నల్లబడి, నురగ కట్టి, గరిటె నుంచి జిగురుగా కారుతుంటే దాని పని అయిపోయినట్టే. కొత్త నూనె పోసి సర్దుకుందామని చాలామంది చూస్తారు, ఆ వాసన బజ్జీలో దాగదు. డబ్బాలో పోసి మూత వేసి వెనక్కి తెచ్చుకోవడమే. చేతులు, గిన్నెలు కడిగిన నీళ్లకు డ్రమ్ము పెట్టి, నిండాక నిర్వాహకులు చూపిన గుంటలో పోశాం.

డిపాజిట్ వారంలో ఇస్తామన్నారు. మూడు ఫోన్లు చేశాక మే 6న 4,000 వచ్చింది. బాణళ్ల కింద గడ్డి మీద పడ్డ నూనె మరకలకు 1,000 కోసుకున్నారట. బండి కింద మందపాటి టార్పాలిన్ పరిచి, దాని మీద ఇసుక చల్లి ఉంటే ఆ కోత ఉండేది కాదని పక్క బండి ఆయన చెప్పాడు. ఆయన డిపాజిట్ మొత్తం ఏప్రిల్ 21కే వచ్చేసింది. మైదానం ఖాళీ చేసేటప్పుడు నిర్వాహకుల మనిషిని పక్కన నిలబెట్టి స్థలం ఫొటోలు తీయించి, తేదీతో సంతకం పెట్టించుకున్నాడట.